అందరికీ క్లియర్‌గా కనపడే గది

మా కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్ష చేసే ఆయన్ని అందరూ నంబర్ల మాస్టారు అనేవాళ్ళు. ఆయన ఏ బడిలోనూ పని చేయలేదు, ఎవరికీ పాఠం చెప్పలేదు. కానీ ఎదుటి మనిషి కళ్ళు చికిలించే తీరు చూసి, మైనస్ ఒకటిన్నర ఉంటుంది, కుడి కన్ను ఇంకో పాతిక ఎక్కువ అని లోపల లెక్క కట్టేసుకునేవారు. భార్యని మొదటిసారి చూసినప్పుడు కూడా ఆవిడ పేరు కంటే ముందు నంబరే తట్టిందట. ఈ సంగతి ఆయనే నాతో గొప్పగా చెప్పుకున్నారు.

నేను అక్కడ ఫ్రేములు బిగించేదాన్ని. అద్దాలు కూర్చోబెట్టడం, వదులైన స్క్రూలు బిగించడం, ముక్కు మీంచి జారిపోయే కళ్ళజోడుని చెవుల దగ్గర కాస్త వంచడం, ఆ తర్వాత జనం తిట్లు తినడం నా ఉద్యోగం. నాకు నోరు కాస్త ఎక్కువని షాపులో పేరు. ఓనరుగారి కొత్త చొక్కా బాగాలేదని ఆయన మొహం మీదే అన్నాను. కరెంటు బిల్లు తెచ్చే మనిషికి మర్యాద నేర్పాను. అలాంటి దాన్ని, ఒక్క విషయంలో పదకొండేళ్ళు పెదవి విప్పలేకపోయాను. మాస్టారి నోరు వాసన వచ్చేది.

కాస్తో కూస్తో అయితే నేనూ ఊరుకుందును. సెలవులకి ముందు మధ్యాహ్నం భోజనం డబ్బా కడగకుండా మూతపెట్టి మరిచిపోయి, తిరిగొచ్చాక తెరిస్తే ఎలా ఉంటుందో అలా ఉండేది. పైగా ఆయన పని చేసే గదికి కిటికీ లేదు. నాలుగడుగులు వేస్తే అయిపోయే గది. తలుపు బదులు నల్ల తెర. కుర్చీలో కూర్చున్నవాళ్ళ తల వెనక గోడకి అక్షరాల బోర్డు, ఎదురుగా అద్దం. అక్షరాలు ఆ అద్దంలో కనపడతాయి. మాస్టారు ఒక బరువైన ఇనప కళ్ళజోడు మొహానికి తగిలించి, పెట్టెలోంచి ఒక్కో అద్దం తీసి అందులో వేస్తారు. వేసేటప్పుడు వంగాలి. వంగి, ముక్కుకి జానెడు దూరంలో నోరు పెట్టి, ఎంతో ఆప్యాయంగా అడుగుతారు, "ఇది బాగుందా, ఇంతకు ముందుదా?"

ఆ ప్రశ్నకి మనుషులు ఏం చెప్తారు? ఊపిరి బిగపట్టి, "ఇదేనండీ, ఇది క్లియర్‌గా ఉంది" అంటారు. రెండో అద్దానికీ అదే మాట, మూడో దానికీ అదే మాట. ఒకాయన అద్దం వేయకముందే, ఖాళీ ఇనప చట్రంలోంచే చివరి వరస దాకా క్లియర్ అన్నాడు. ఇంకొకావిడ బోర్డు వెనక బల్బు వెలగకముందే అంది. బయటికొచ్చి నా బల్లని పట్టుకుని, నీళ్ళలోంచి పైకి తేలినట్టు గుండెల నిండా గాలి పీల్చుకునేవాళ్ళు. మాస్టారేమో తెర పక్కకి తీసి, చేతులు తుడుచుకుంటూ, "చూశావా అమ్మాయ్, ఆరు నిమిషాల్లో తేల్చేశాను" అనేవారు.

వారం తిరక్కుండా వాళ్ళంతా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. మెట్లు పైకి లేచి వస్తున్నాయని ఒకరు, పేపర్లో అక్షరాలు పాకుతున్నాయని ఒకరు. మళ్ళీ లోపలికెళ్ళి పరీక్ష చేయించుకోండి అంటే మాత్రం కాళ్ళకి బుద్ధి చెప్పేవాళ్ళు. "వద్దమ్మా, నువ్వే కాస్త వంచి సర్దు" అనేవాళ్ళు. నేను కూడా చెవి మీది కొమ్మ ఇటు వంచి అటు వంచి, అద్దం మీద ఊది తుడిచి, "రెండు వారాలు పెట్టుకుంటే అలవాటవుతుందండీ" అని పంపేసేదాన్ని. ఆ మాట ఎన్ని వేలసార్లు అన్నానో. నిజంగానే అలవాటైపోయింది. మా కళ్ళజోడే పెట్టుకుని ఉత్తరాలిచ్చే ఆయన మా వీధి మొత్తానికి ఒక ఇల్లు పక్కకి ఇచ్చేవాడు, మేం సాయంత్రం మార్చుకునేవాళ్ళం.

ఈ వాసన సంగతి ఆయనకి ఎలా తెలియలేదని అడగొచ్చు. ఎవరి నోటి వాసన వాళ్ళ ముక్కుకి తెలియదు. ఇరవై నాలుగ్గంటలూ అందులోనే ఉంటుంది కదా, ముక్కు పట్టించుకోవడం మానేస్తుంది. భార్య చెప్పాలి మరి. ఆవిడకి చిన్నప్పుడు పెద్ద జలుబు చేసి వాసన తెలియడం పూర్తిగా పోయింది. పాలు మాడితే పొగ కళ్ళకి తగిలి తెలియాలి తప్ప ముక్కుకి తెలియదు. ఆ దంపతులంత అన్యోన్యంగా ఉండేవాళ్ళని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇలా ఎన్నేళ్ళు సాగేదో కానీ, ఒకరోజు ఓనరుగారు మా ఇద్దర్నీ పిలిచారు. పిలిచారంటే ఫోన్లో. ఆయన గది మాకు పదడుగుల దూరం, అయినా మాస్టారితో ఎప్పుడూ ఫోన్లోనే మాట్లాడేవారు. "వెనక్కి వచ్చే కళ్ళజోళ్ళు మరీ ఎక్కువైపోయాయి మాస్టారూ. వచ్చే నెల ఒకటో తారీఖుకి మెషిన్ వస్తోంది. గడ్డం ఆనించి కూర్చుంటే నంబరు అదే చెప్తుందట. మీరు ఇక వెనక గోడౌను చూసుకోండి."

మాస్టారు ఫోను పెట్టేసి లోపలికెళ్ళారు. ఆ రోజంతా పెట్టెలోని అద్దాలు ఒక్కొక్కటే తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, లైటుకి ఎత్తి చూసి మళ్ళీ పెట్టారు. తర్వాత నా బల్ల దగ్గరికొచ్చి వంగి, మెల్లిగా అడిగారు. "అమ్మాయ్, నాకు పని రాకుండా పోయిందంటావా? ముప్పై ఏళ్ళుగా చేస్తున్నాను. అందరూ క్లియర్ అనే అన్నారే. నాకెక్కడ తప్పుతోందో తెలియట్లేదు."

నేను తల పక్కకి తిప్పుకున్నాను. సగం వాసనకి, సగం సిగ్గుకి. ఆ మనిషికి ఆ గది తప్ప వేరే సరదా లేదు. గోడౌనులో ఖాళీ డబ్బాలకి నంబర్లు ఉండవు. తప్పు ఎక్కడుందో తెలిసి కూడా నేను నీళ్ళు నములుతూ నిలబడ్డాను.

ఓనరుగారి దగ్గరికి వెళ్ళి, "అసలు సంగతి ఆయనకి మీరు చెప్పండి" అన్నాను.

"నేనా? పెద్దాయన. ఏమని చెప్తాను? నువ్వు చెప్పు, నీకు నోరుంది."

"అందుకే నేను చెప్తే తిట్టినట్టుంటుంది. మీరు చెప్తే సలహాలా ఉంటుంది."

"నేను చెప్పాలంటే ఫోన్లో చెప్తాను. ఫోన్లో ఇలాంటివి చెప్తే బాగుండదు" అని ఆయన ఏదో కాగితంలోకి తల దూర్చేశారు.

చివరికి నాకో ఉపాయం తట్టింది. దగ్గర చూపు పరీక్షకి మా దగ్గర ఒక చదివే కార్డు ఉండేది. పైన పెద్ద అక్షరాల్లో ఒక పేరా, దాని కింద ఇంకాస్త చిన్నవి, అలా ఐదో పేరా వచ్చేసరికి చీమ తలకాయలంత అక్షరాలు. పక్క వీధి ప్రింటింగ్ ప్రెస్సులో అలాంటిదే ఇంకోటి అచ్చు వేయించాను. ధైర్యం చాలక అసలు సంగతి ఐదో పేరాలో పెట్టాను. "మాస్టారూ, కొత్త కార్డు వచ్చింది, సరిగ్గా పడిందో లేదో చదివి చూడండి" అని చేతిలో పెట్టి రెండడుగులు వెనక్కి వేశాను.

ఆయన కళ్ళజోడు సర్దుకుని పైకి చదివారు. "ఉదయం ఆకాశం నిర్మలంగా ఉంది. బాగుంది. పిల్లలు వీధిలో ఆడుకుంటున్నారు. ఇదీ బాగుంది. మాస్టారు చాలా మంచివారు." ఇక్కడ ఆగి, "ఏ మాస్టారు?" అన్నారు. నేను ఫ్రేము తుడుస్తున్నట్టు నటించాను. "ఆయన పనిలో ఏ లోపమూ లేదు. కానీ ఆయన నోరు చాలా వాసన వస్తుంది, అందుకని కుర్చీలో కూర్చున్నవాళ్ళు అన్నిటికీ క్లియర్ అని చెప్పి పారిపోతున్నారు."

చివరి దాకా తడబడకుండా చదివారు. కార్డుని దూరంగా పట్టుకుని ఒకసారి, దగ్గరగా పట్టుకుని ఒకసారి చూశారు. "అక్షరాలు బాగానే పడ్డాయి. ఐదో పేరాలో సిరా కాస్త ఎక్కువైంది" అని బల్ల మీద పెట్టి, గదిలోకి వెళ్ళి తెర వేసుకున్నారు.

కాసేపటికి తెర వెనక నుంచి గొంతు వినపడింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"నేను చేరినప్పటి నుంచీ."

"అంటే పదకొండేళ్ళు."

"అంతకు ముందు సంగతి నాకు తెలీదు మాస్టారూ."

ఏడుస్తున్నారేమో అనుకుని తెర కాస్త పక్కకి తీశాను. ఆయన మొహం వెలిగిపోతోంది. "అయితే నా కంటిదీ తప్పు కాదు, చేతిదీ తప్పు కాదు. ఉత్త నోరేనా! నోరైతే బాగు చేయించుకోవచ్చు" అన్నారు. సిగ్గుపడడం అనేది ఆయనకి మర్నాడు గుర్తొచ్చింది. అప్పటి నుంచి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడడం మొదలుపెట్టారు.

ఇక వైద్యం. ముందు సొంత వైద్యం. జేబు నిండా పిప్పరమెంట్లు వేసుకుని రోజంతా చప్పరించారు. ఘాటు పచ్చమందు ఒకటి కొని గంటకోసారి పుక్కిలించారు. అప్పుడు పుదీనా మడిలో ఎలక చచ్చినట్టుండేది. రోజుకి నాలుగుసార్లు చిగుళ్ళు ఊడేలా తోమారు. ఎవరో ఇదంతా కడుపులోంచి వస్తుందన్నారని పొద్దున్న తిండి మానేశారు. నోరు ఎండిపోయి వాసన రెట్టింపైంది. ఇంకో వారం ఇలాగే సాగితే నేనే గోడౌనుకి మారిపోయేదాన్ని. అందుకని చెయ్యి పట్టుకుని పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను.

డాక్టరమ్మ మూతికి మాస్కు కట్టుకుని, చిన్న అద్దం లోపలికి పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. "కడుపు సంగతి మరిచిపోండి. నోరు వాసన వచ్చిందంటే పదిలో తొమ్మిది సార్లు కారణం నోట్లోనే ఉంటుంది. కానీ మీ పళ్ళూ చిగుళ్ళూ శుభ్రంగానే ఉన్నాయే. నాకైతే అంతా క్లియర్‌గానే ఉంది" అంది.

క్లియర్ అన్న మాట వినపడగానే మాస్టారు కుర్చీలో లేచి కూర్చున్నారు. నోరు తెరుచుకుని పడుకున్నంతసేపూ ఆయన చూసింది పైకప్పుని కాదు, ఆవిడ కళ్ళని. చేతులు బార చాపి, గడ్డం వెనక్కి లాక్కుని చూస్తోందావిడ.

"డాక్టరమ్మా, ఆ కళ్ళజోడు మా షాపుదేనా?" అన్నారు, చెయ్యి అడ్డం పెట్టుకుని.

"అవునండీ. పోయినేడాది మీరే కదా చూశారు."

"దగ్గర చూపు అద్దం వేసినప్పుడు మీరేమన్నారు?"

ఆవిడ ఆ చిన్న అద్దాన్ని ట్రేలో పెట్టింది. "క్లియర్ అన్నాను."

"నిజంగా క్లియరేనా?"

"ఊపిరి బిగపట్టి ఎంతసేపని కూర్చుంటామండీ" అంది డాక్టరమ్మ తల దించుకుని. "నోరు వాసన వస్తోందని చెప్పడమే నా వృత్తి. అయినా చెప్పలేకపోయాను. ఏడాదిగా నా దగ్గరికొచ్చిన వాళ్ళందరి పళ్ళూ బాగానే కనపడుతున్నాయి. ఈ ఊరివాళ్ళు శ్రద్ధగా తోముకుంటున్నారనుకున్నాను."

అలా తేలిందేమంటే, మాస్టారి నోరు బాగుపడాలంటే ముందు డాక్టరమ్మ కళ్ళు బాగుపడాలి, ఆవిడ కళ్ళు బాగుపడాలంటే మాస్టారి నోటి ముందు కూర్చోవాలి. ఆ మధ్యాహ్నమే ఆవిడ మా షాపుకొచ్చింది. ఒకదాని మీద ఒకటి రెండు మాస్కులు. మాస్టారికి కూడా ఒకటి కట్టింది. పరీక్ష మొదలవగానే ఆవిడ ఊపిరికి ఇనప కళ్ళజోట్లోని అద్దాలు ఆవిరి పట్టి, ఆవిడకి బోర్డు కాదు కదా గోడే కనపడలేదు. నేను ఆవిడ మాస్కు పై అంచుని ముక్కు మీద ప్లాస్టరుతో అంటించాను. ఆ పరీక్షకి నలభై నిమిషాలు పట్టింది. దగ్గర చూపు నంబరు ఒకటికి పైగా తక్కువ పడింది. నేను మర్నాడు పొద్దున్నకల్లా అద్దాలు బిగించి, కళ్ళజోడునీ మాస్టారినీ తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను.

ఈసారి ఆవిడ నోట్లోకి చూసి, లైటు ఇంకాస్త దగ్గరికి లాగి మళ్ళీ చూసింది. తర్వాత, "ఇప్పుడు కనపడుతోందండీ" అంది నీరసంగా.

కింద ఎడమవైపు చివరి పన్నుకి ఎప్పుడో వేయించిన తొడుగు అంచు లేచిపోయింది. దాని కిందకి తిండి చేరి కుళ్ళుతోంది. చిగుళ్ళ లోపలి అంచున గార రాయిలా గట్టిపడింది. నాలుక వెనక భాగం తెల్లగా మందంగా పేరుకుపోయింది. మాస్టారు రోజూ నాలుక గీసుకుంటారు కానీ, వెనక్కి పోతే వాంతొస్తుందని ముందు సగమే గీసుకుంటారట. ఆ మూడు చోట్లా సూక్ష్మజీవులు హాయిగా కాపురం ఉంటాయని, మిగిలిన తిండి తిని అవి వదిలే గాలే ఈ వాసనని డాక్టరమ్మ చెప్పింది. పంచదార పిప్పరమెంట్లు వాటికి విందు భోజనమట. పుక్కిలించే మందు ఒక గంటసేపు దుప్పటి కప్పుతుందంతే.

"నీళ్ళు బాగా తాగుతారా?" అని అడిగింది.

"గదిలో ఉన్నంతసేపూ తాగనండీ. బాత్రూము పెరటి చివర ఉంది. వెళ్ళొచ్చేసరికి జనం ఎదురుచూస్తారు."

"లాలాజలం నోటిని కడుగుతుంది. మీరు రోజంతా మాట్లాడుతూ నీళ్ళు తాగకపోతే ఇక ఎవరు కడుగుతారు?" అంది ఆవిడ. ఎదురుచూసే జనం ఆ ఆలస్యానికి ఎంత సంతోషించేవాళ్ళో ఆయనకి చెప్పకుండా నాలుక కరుచుకున్నాను.

మూడుసార్లు వెళ్ళాం. గార తీశారు, పాత తొడుగు పీకి కొత్తది వేశారు. పళ్ళ సందుల్లో దారం పెట్టి శుభ్రం చేయడం, గాలి మెల్లిగా వదులుతూ నాలుక వెనక నుంచి ముందుకి గీసుకోవడం నేర్పారు. మాస్టారు నీళ్ళ సీసా మెడకి తగిలించుకుని తిరిగారు. అంతా బాగానే ఉంది కానీ, తగ్గిందో లేదో తెలిసేదెలా? ఆయన ముక్కుని నమ్మడానికి లేదు. ఇంట్లో ఆవిడ ముక్కు ఉన్నా లేనట్టే. మణికట్టు నాకి, ఆరాక వాసన చూసుకోవచ్చని డాక్టరమ్మ చెప్తే, ఆయన బస్సులో కూడా అదే పనిగా ఉండి, పక్క సీట్లు ఖాళీ చేయించారు.

చివరికి కొలబద్ద నేనే అయ్యాను. రోజూ షాపు తెరవగానే ఆయన నా బల్ల ముందు నిలబడి "హా" అనేవారు. నేను నంబరు చెప్పేదాన్ని.

"నాలుగు."

"నాలుగా, మూడుముప్పావా? సరిగ్గా చూసి చెప్పు. హా."

"మూడుముప్పావు."

తర్వాత మూడు. ఆ పైన రెండుంబావు. ఉల్లిపాయ తిన్న రోజు మళ్ళీ మూడు. ఓరోజు పొద్దున్న ఆయన హా అంటే నాకు ఏమీ తెలియలేదు. ఇంకోసారి అనమన్నాను. "సున్నా" అన్నాను.

ఆయన నమ్మలేదు. "పారిపోవడానికి అంటున్నావు కదూ?"

"నేను కుర్చీలోంచి కదల్లేదు కదా మాస్టారూ."

అప్పటికి నెలాఖరు. మెషిన్ పెట్టె వచ్చి షాపు మధ్యలో కూర్చుంది. ఒకటో తారీఖుకి రెండు రోజులుంది. నేను ఓనరుగారి గదిలోకి వెళ్ళి, ఫోను తీసి పక్కన పెట్టేసి, "మీరు ఒకసారి లోపల కుర్చీలో కూర్చుని రండి. ఆ తర్వాత ఎవర్ని గోడౌనుకి పంపుతారో మీ ఇష్టం" అన్నాను. ఆయన కళ్ళజోడు కూడా మాస్టారు చూసిందే. తన చెక్కు పుస్తకం తనే చదువుకోలేక నాతో చదివించుకునే మనిషి, కాదనలేకపోయారు.

ఓనరుగారు వెళ్ళేముందు చెరువు మెట్టు దిగి మునగబోయేవాడిలా గాలి పీల్చుకున్నారు. తెర సందులోంచి నాకంతా కనపడుతోంది. కూర్చోగానే బుగ్గలు ఉబ్బించి, "క్లియర్, క్లియర్" అన్నారు. ఇనప కళ్ళజోడు ఇంకా మాస్టారి చేతిలోనే ఉంది.

మాస్టారు చేతులు ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నారు. "మీరు ఊపిరి పీల్చుకోండి ఓనరుగారూ. నేను ఆగుతాను."

ఓనరుగారి మొహం ఎర్రబడింది, తర్వాత కందగడ్డయింది. ఇక ఆపుకోలేక ఒక్కసారిగా గాలి లోపలికి లాగారు. లాగి, కళ్ళు మిటకరించి చూశారు. అనుమానంగా ఇంకోసారి పీల్చారు. అప్పుడు మాస్టారు లేచి, వంగి, అద్దం వేసి అడిగారు. "ఇది బాగుందా, ఇంతకు ముందుదా?"

"రెండూ బాలేవు" అన్నారు ఓనరుగారు.

మాస్టారు గబగబా తెర దగ్గరికొచ్చారు. "అమ్మాయ్, ఓనరుగారికి ఏమీ కనపడట్లేదట" అన్నారు, మనవడు పుట్టాడని చెప్పినంత సంబరంగా. అన్నీ క్లియర్ అన్నవాళ్ళని ముప్పై ఏళ్ళు చూసిన మనిషికి, ఒక్కరు నిజం చెప్పేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి, చెప్పుకోవడానికి సిగ్గెందుకు.

ఆ పరీక్ష ముప్పావుగంట నడిచింది. ఓనరుగారు ప్రతి అద్దానికీ పేచీ పెట్టారు. అది వద్దు, ముందుది వేయండి, కాదు కాదు దాని ముందుది అన్నారు. చివరికి ఇనప కళ్ళజోడుతోనే లేచి నిలబడి, జానెడు దూరం నుంచి మాస్టారి మొహంలోకి చూశారు. "మీకు ఇంత జుట్టు నెరిసిందా మాస్టారూ?" అన్నారు.

"మీరు నా దగ్గరికొచ్చి చాలా ఏళ్ళయిందండీ" అన్నారు మాస్టారు.

ఓనరుగారు ఆ ఇనప కళ్ళజోడు తీయలేదు. బయటికొచ్చి, మెషిన్ పెట్టెని విప్పొద్దనీ, వెనక్కి పంపేయమనీ నాకు చెప్పి తన గదిలోకి వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ గడప తట్టుకోలేదు. అది కూడా నేను మొదటిసారి చూశాను.

మర్నాడు మాస్టారు పాత రిజిస్టర్లన్నీ తెచ్చి నా బల్ల మీద పడేశారు. అందర్నీ ఒక్కొక్కరిగా మళ్ళీ పిలవాలట, మొదటి నుంచీ. "ముందు నువ్వు రా" అన్నారు.

"నాదెందుకు? నాది బాగానే ఉంది మాస్టారూ."

"నువ్వు చేరిన వారానికే నీ నంబరు నేనే చూశాను. అప్పటి నుంచీ కింద పడ్డ స్క్రూ కోసం నేలంతా చేత్తో తడుముతూనే ఉన్నావు. నాకు కనపడట్లేదనుకున్నావా?"

"మరి పదకొండేళ్ళుగా ఒక్కసారీ చెప్పలేదేం?" అన్నాను.

"ఎలా చెప్పనమ్మా. పని చేసుకుంటున్న పిల్లవి, చిన్నబుచ్చుకుంటావని" అన్నారు ఆయన.

నేను కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, తెర తోసుకుని వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను.